పాత కారు ఇంజన్‌లో టిక్ టిక్ చప్పుడు: ఎక్కడి నుంచి వస్తుందో పట్టుకోవడం, సరిచేయడం ఎలా?

పాత కారు బానెట్ కింద నుంచి ఆగకుండా టిక్ టిక్ మని చప్పుడు వస్తుంటే చాలామంది వినీ వినగానే "టాపెట్లు పోయాయి" అనేస్తారు. నిజంగా టాపెట్లే (ఇంజన్ వాల్వులను తెరిచే చిన్న భాగాలు) కావచ్చు. కానీ ఆయిల్ తగ్గినా, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల భాగం) దగ్గర సన్నని లీకు ఉన్నా, స్పార్క్ ప్లగ్ వదులైనా, బెల్టు పుల్లీ బేరింగ్ అరిగినా దాదాపు అలాంటి చప్పుడే వస్తుంది. వీటిలో కొన్ని పది నిమిషాల్లో అయిపోయే పనులు, కొన్ని ఇంజన్ దించాల్సినవి. అందుకే పానా పట్టుకునే ముందు చెవికి పని చెప్పాలి.

మొదట ఆయిల్ చూడండి

కారును చదునైన చోట ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి, ఐదు పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి పెట్టి మళ్లీ తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా సుమారు ఒక లీటరు. తక్కువగా ఉంటే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే, కొంచెం కొంచెంగా పోస్తూ చూసుకోండి. 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడు పోయాల్సిన ఇంజన్‌లో చప్పుడు తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోయడం మంచిది కాదు. చలి ఉదయాల్లో అది పైభాగానికి చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఆ కాసేపూ భాగాలు పొడిగా రాసుకుంటాయి.

పై గీత దాటించడం కూడా తప్పే. పిస్టన్ల కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. ఆ నురగలోని గాలి హైడ్రాలిక్ లిఫ్టర్లలోకి (ఆయిల్ ప్రెషర్‌తో సందును తామే సరిచేసుకునే టాపెట్లు) చేరితే టిక్ టిక్ మళ్లీ మొదలవుతుంది.

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలుగుతుంటే ఇంకేమీ ఆలోచించకుండా ఇంజన్ ఆపేయండి. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని ఆ లైటు చెబుతోంది. ఆ స్థితిలో కొద్ది దూరం నడిపినా బేరింగులు పోతాయి.

చప్పుడు ఎప్పుడు వస్తోందో రాసుకోండి

రోగం సగం ఇక్కడే తెలిసిపోతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున స్టార్ట్ చేసి, బానెట్ తెరిచి ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంజన్ బాగా వేడెక్కాక మరోసారి చేయండి.

స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లే వచ్చి ఆగిపోతే, రాత్రికి లిఫ్టర్లలోంచి ఆయిల్ కిందికి జారిపోయిందన్నమాట. ఆయిల్ ఫిల్టర్‌లో వెనక్కి జారకుండా ఆపే చిన్న వాల్వు ఉంటుంది, నాసిరకం ఫిల్టర్లలో అది త్వరగా గట్టిపడుతుంది. మంచి ఫిల్టర్‌తో ఆయిల్ మార్చి చూడండి.

చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వచ్చి, యాక్సిలరేటర్ నొక్కితే పెరిగి, వేడెక్కే కొద్దీ తగ్గిపోతే ముందు ఎగ్జాస్ట్ లీకును అనుమానించండి. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుపోతుంది కాబట్టి చప్పుడు మాయమవుతుంది. పిస్టన్ అరిగి సిలిండర్ గోడకు కొట్టుకున్నా ఇదే తీరు కనిపిస్తుంది, కాకపోతే ఆ చప్పుడు కొంచెం మొద్దుగా ఉంటుంది.

వేడెక్కాక పెరిగితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వేడికి ఆయిల్ పల్చబడి ప్రెషర్ తగ్గుతోందేమో చూడాలి. ప్రెషర్ స్విచ్ తీసి, ఆ చోట గేజ్ బిగించి, రీడింగును మాన్యువల్‌తో పోల్చాలి.

ఇంజన్ స్పీడ్ పెంచినా చప్పుడు వేగం దానితో పాటు పెరగకపోతే, అది పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు కావచ్చు. ఆ వాల్వు టిక్ టిక్ మనడం మామూలే.

ఇంకో గుర్తు ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒకసారి తిరుగుతుంది. అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ నిమిషానికి 800 సార్లు తిరిగేటప్పుడు (800 ఆర్‌పీఎం ఐడిలింగ్‌లో) ఒక్క వాల్వు చేసే చప్పుడు నిమిషానికి 400 సార్లు, సెకనుకు ఆరేడు సార్లు వినిపిస్తుంది. రికార్డింగును స్లోగా వేసుకుని లెక్కపెట్టండి. సెకనుకు 13 దాకా వస్తుంటే క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే వాటి వైపు చూడాలి. ఆరేడే అయితే వాల్వులు, ఇంజెక్టర్లు, ఒకే సిలిండర్ దగ్గరి ఎగ్జాస్ట్ లీకు, ఈ మూడూ అనుమానితులే.

దగ్గరగా వినడం

ఈ పని ఆరుబయట చేయండి. మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి న్యూట్రల్‌లో ఉంచండి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. జుట్టు ముడి వేసుకోండి, చున్నీ, వదులు చేతుల చొక్కా, గొలుసులు వద్దు. రేడియేటర్ ఫ్యాన్ హఠాత్తుగా తిరగడం మొదలుపెడుతుందని గుర్తుంచుకోండి.

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను హెడ్ కవర్ (ఇంజన్ పై మూత) బోల్టు మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు నొక్కిపట్టండి. ఒక బోల్టు నుంచి ఇంకో బోల్టుకు జరుపుతూ పోతే ఒకచోట ఆ టిక్ పిడిలోంచి నేరుగా తలలోకి కొట్టినట్టు స్పష్టమవుతుంది. తర్వాత ఇంజెక్టర్ల మీద ఒక్కొక్కటిగా పెట్టండి. అన్నీ ఒకేలా చిటచిటమంటుంటే అది సహజం. ఒకటి మాత్రం వేరుగా వినిపిస్తే దాన్ని గుర్తుపెట్టుకోండి.

లీకులకు స్క్రూడ్రైవర్ పనికిరాదు. మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను మ్యానిఫోల్డ్ అంచు వెంట, వేడి లోహానికి తగలకుండా జరపండి. లీకు ఉన్నచోట గొట్టంలో "ఫట్ ఫట్" మని గాలి కొడుతుంది. అక్కడ నల్లటి మసి చార కూడా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

చప్పుడు ముందు వైపు బెల్టు దగ్గర ఉంటే, ఇంజన్ ఆపి బెల్టు తీసి, ఒక పావు నిమిషం మాత్రం నడిపి చూడండి. కొన్ని కార్లలో వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు వద్దు. చప్పుడు పోతే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, పుల్లీలలో తప్పుంది. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే టైమింగ్ బెల్టు జోలికి మాత్రం వెళ్లకండి.

సరిచేయడం

ప్లగ్ వదులైతే ఇంజన్ చల్లారాక, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగిస్తే చాలు. ఎగ్జాస్ట్ లీకుకు కొత్త గ్యాస్కెట్ వేయాలి. ముందురోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే చేసి ఉంచండి. బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకు వెళ్లాలి. నట్ బిగించే స్టడ్ (మరల కడ్డీ) ఇంజన్ హెడ్‌లోనే విరిగిపోతే సొంతంగా డ్రిల్ చేయకండి. డ్రిల్ కొంచెం వాలినా హెడ్ పాడవుతుంది, ఆ పని మెకానిక్‌కే వదలండి.

టాపెట్ల విషయంలో ముందుగా మీ ఇంజన్‌వి హైడ్రాలిక్ లిఫ్టర్లా, చేత్తో సెట్ చేసేవా అన్నది మాన్యువల్‌లో చూడండి. హైడ్రాలిక్ అయితే సరైన ఆయిల్, ఫిల్టర్ మార్చి కొన్ని వందల కిలోమీటర్లు తిరగనివ్వండి. మడ్డి పేరుకుని ఇరుక్కున్నవి కొన్నిసార్లు వాటంతటవే విడివడతాయి. ఇంజన్ ఫ్లష్ మందులంటే నాకు నమ్మకం తక్కువ. బాగా మడ్డి కట్టిన ఇంజన్‌లో అది ఒక్కసారిగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడొచ్చు.

స్క్రూతో సెట్ చేసేవైతే, మాన్యువల్ వేరేగా చెప్పకపోతే, ఇంజన్ పూర్తిగా చల్లారాకే హెడ్ కవర్ తీయండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పండి. మీరు చూస్తున్న వాల్వు మీద క్యామ్ ఉబ్బు పూర్తిగా అవతలి వైపుకు పోవాలి. అప్పుడు మాన్యువల్‌లోని కొలతకు సరిపడే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకుల సెట్టు) రేకును సందులోకి దూర్చండి. కొలత చాలా ఇంజన్లలో మిల్లీమీటరులో పదో వంతు, రెండు మూడు పదో వంతులు ఉంటుంది, ఇన్‌టేక్‌కు ఎగ్జాస్ట్‌కు వేర్వేరుగా ఉండొచ్చు. రేకు పూర్తిగా వదులుగా ఆడకూడదు, ఇరుక్కుపోకూడదు, లాగితే కొంచెం పట్టి వదలాలి. లాక్ నట్ వదులు చేసి స్క్రూ తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించి, మళ్లీ కొలవండి. నట్ బిగించేటప్పుడే సందు మారిపోతుంటుంది.

చప్పుడు పూర్తిగా పోవాలని కొలత కన్నా బిగువుగా పెట్టొద్దు. బిగువైన వాల్వు శబ్దం చేయదు, కానీ సరిగా మూసుకోక కాలిపోతుంది. కాస్త వదులు వాల్వు చప్పుడు చేస్తూనైనా చాలాకాలం నడుస్తుంది.

ఇక అన్నీ చూశాక కూడా చప్పుడు ఇంజన్ అడుగు నుంచి, టిక్ కాకుండా "ఠక్ ఠక్" మని బరువుగా, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పెరుగుతూ వస్తుంటే కనెక్టింగ్ రాడ్ బేరింగును అనుమానించాలి. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్ అయితే ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్‌ను కొన్ని సెకన్లు తీసి చూడొచ్చు. ఏ సిలిండర్ దగ్గర తీస్తే చప్పుడు తగ్గుతుందో అక్కడే బేరింగు అరిగింది. డైరెక్ట్ ఇంజెక్షన్, డీజిల్ ఇంజన్లలో ఈ పరీక్ష సొంతంగా చేయకండి. డీజిల్ కామన్ రైల్‌లో ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది, అక్కడ పైపు వదులు చేస్తే చిమ్మే ఇంధనం చర్మంలోకి దూసుకుపోతుంది. బేరింగు అని తేలితే కారును నడపకుండా టోయింగ్‌తో షెడ్డుకు చేర్చండి. ఈ దశలో ఆపితే బేరింగులు, మహా అయితే క్రాంక్‌షాఫ్ట్ పనితో బయటపడొచ్చు, రాడ్ విరిగి బ్లాక్‌కు కన్నం పడితే ఇంజనే మార్చాల్సి వస్తుంది.