ఎక్స్‌కామ్ పాఠాలు – 6: తిమింగలం మిషన్

ఎక్స్‌కామ్ అంటే మన సైనికుల దళం గ్రహాంతర శత్రువులతో టర్న్‌లుగా, అంటే వంతులవారీగా పోరాడే కంప్యూటర్ ఆట. నిదానంగా పొమ్మన్న పోయిన పాఠం చదివి ఆడినవాళ్లు చాలామంది ఒకేచోట దెబ్బతిన్నారు. ప్రొద్దుటూరు తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు చెప్పినట్టే కొంచెం జరగడం, ఓవర్‌వాచ్ పెట్టడం, అట్లే పోయినా. పడవ కాడికి చేరేసరికి అందరూ చచ్చిపోయినారు" అన్నాడు. (ఓవర్‌వాచ్ అంటే మన టర్న్‌లో కాల్చకుండా, శత్రువు కదలగానే కాల్చేలా కాపలా పెట్టడం.) కర్నూలులో ఇంజనీరింగ్ చదివే చెల్లెలిదీ అదే కథ. ఆరుగురిని పంపితే ఒక్క స్నైపర్ వెనక్కి వచ్చాడట. అందుకే ఈ వారం అనుకున్న శాటిలైట్ల పాఠం పక్కన పెట్టి ఈ ఒక్క మిషన్ గురించే చెబుతాను.

2012లో వచ్చిన ఎక్స్‌కామ్‌కు మరుసటి ఏడాది 'ఎనిమీ విదిన్' అనే విస్తరణ వచ్చింది. ఈ మిషన్ అందులోది. ఆటలో దీని పేరు సైట్ రికాన్. చోటు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చేపలు పట్టుకునేవాళ్ల ఊరు. ఊళ్లో మనుషులు లేరు, జాంబీలున్నాయి. రేవులో ఒక పడవ, అందులో చచ్చిన తిమింగలం, దాని ఒంట్లోంచి క్రిసలిడ్‌లు అనే పురుగుల్లాంటి గ్రహాంతర జీవులు పుట్టుకొస్తూనే ఉంటాయి. మనం పడవ చేరి, దాని మీద బాంబులు వేయడానికి సిగ్నల్ పెట్టాలి, అవి పడేలోపు బయల్దేరిన చోటికి తిరిగి రావాలి. అంతే పని.

నిదానంగా పొమ్మన్న ఆ పాఠం తుపాకీ పట్టుకున్న శత్రువుల కోసం. వాళ్లముందు సగం కవర్ వెనక దాక్కుంటే వాళ్ల గురి నూటికి 20 తగ్గుతుంది, పూర్తి కవర్ అయితే 40. క్రిసలిడ్‌కు తుపాకీ లేదు. పరుగెత్తుకొచ్చి గోళ్లతో చీలుస్తుంది. దానికి మీరు గోడ వెనకున్నా ఒకటే, నడివీధిలో ఉన్నా ఒకటే. పైగా అది చంపిన మనిషి జాంబీగా లేస్తాడు, కొన్ని టర్న్‌లకు ఆ జాంబీలోంచి ఇంకో క్రిసలిడ్ వస్తుంది. అంటే మీ సైనికుడు ఒకడు పడిపోతే లెక్క ఒకటి తగ్గడంతో ఆగదు, అవతలివైపు ఒకటి పెరుగుతుంది.

ఓవర్‌వాచ్ కూడా ఇక్కడ మీరు అనుకున్నంత కాపలా కాదు. ఒక్కో సైనికుడు ఒక్క గుండే పేలుస్తాడు, అదీ మామూలు కంటే తక్కువ గురితో. మూడు క్రిసలిడ్‌లు ఒకేసారి ఉరికితే మొదట కదిలినదాని మీదే సగానికి పైగా గుండ్లు ఖర్చవుతాయి. మిగతా రెండూ తీరిగ్గా వచ్చేస్తాయి.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయానికి వస్తాను. మీరు పంపిన వీడియోలు అన్నీ చూశాను. అన్నింట్లో అదే తప్పు: టర్న్‌లో ఆఖరి సైనికుడితో కొత్త చోటు చూడటం.

ఈ ఆటలో శత్రువులు గుంపులుగా ఉంటారు. మనం చూడనంతవరకు వాళ్లు మామూలుగా మన జోలికి రారు. మన చూపు పడగానే మేలుకుంటారు, మేలుకున్న క్షణమే వాళ్లకు ఉచితంగా ఒక కదలిక దక్కుతుంది. కడప సందుల్లో రాత్రిపూట పడుకున్న కుక్కల గుంపు ఎలాగో ఇదీ అలాగే. పక్క సందులో నడుస్తుంటే పట్టించుకోవు, మలుపు తిరిగి ఎదురుపడ్డామా అన్నీ ఒక్కసారి లేస్తాయి. మొదటి సైనికుడిని కదిపినప్పుడే అవి లేస్తే ఇంకా ఐదుగురి చేతుల్లో తుపాకులు సిద్ధంగా ఉంటాయి. ఆరోవాడిని కదిపినప్పుడు లేస్తే చేతిలో ఏమీ మిగలదు. మీ టర్న్ అయిపోయింది, ఇక వాటి టర్న్.

"నేను ముందుకు పోలేదన్నా, పక్కకు జరిగినా" అంటారు. పక్కకు జరిగినా కిటికీలోంచి కొత్త గది కనబడుతుంది. స్నైపర్‌ను చివర్లో కప్పు ఎక్కించినా అంతే, ఎత్తు నుంచి ఇంకో వీధి కనబడుతుంది. గాయపడ్డవాడికి మందు వేయడానికి సపోర్ట్ అనే రకం సైనికుడిని మూల తిప్పినా అంతే. ఆఖరివాడితో డ్యాష్ చేయడం గురించి చెప్పనే అక్కర్లేదు. టర్న్‌కు ఉన్న రెండు కదలికలూ ఖర్చుపెట్టి చీకట్లోకి పోయాక అక్కడేమి కనబడినా చేయగలిగింది శూన్యం. అనంతపురం నుంచి వచ్చిన వీడియోలో నాలుగు టర్న్‌లు చాలా బాగా ఆడి, ఐదో టర్న్‌లో హెవీని (పెద్ద తుపాకీ మోసే సైనికుడిని) 'ఊరికే' రెండు గళ్లు జరిపారు. చేపల షెడ్డు తలుపులోంచి రెండు గుంపులు ఒకేసారి మేలుకున్నాయి. ఆ రెండు గళ్లు జరపకపోతే మిషన్ గెలిచేవారు.

కాబట్టి ముందు నడిచేవాడు ప్రతి టర్న్‌లోనూ మొదట కదలాలి, నీలం గీత (ఒక్క కదలికతో చేరగల హద్దు) దాటకూడదు. మిగతావాళ్లు అతను ఇప్పటికే చూసిన గళ్లలోకే రావాలి. ఆఖరివాడికి అలాంటి గడి లేకపోతే ఉన్నచోటే ఉంచండి. స్నైపర్ దగ్గర బ్యాటిల్ స్కానర్ (విసిరిన చోట ఏముందో చూపే పరికరం) ఉంటే ముందు అది విసరండి. దాంతో చూస్తే గుంపులు మేలుకోవు.

ఇక పడవ. అందరినీ పడవలోకి తీసుకుపోకండి. నేనైతే ఒక్కడినే పంపుతాను, స్ప్రింటర్ అనే నైపుణ్యం తీసుకున్న సపోర్ట్‌ను. వాడు మిగతావాళ్ల కంటే మూడు గళ్లు ఎక్కువ పోతాడు. అసాల్ట్‌కు (దగ్గర్నుంచి పోరాడే సైనికుడికి) క్లోజ్ కంబాట్ స్పెషలిస్ట్ నైపుణ్యం ఇచ్చి దారి మధ్యలో నిలబెడతాను. నాలుగు గళ్ల లోపు ఏది వచ్చినా ఓవర్‌వాచ్ పెట్టకపోయినా కాలుస్తాడు. స్క్వాడ్‌సైట్ (తోటివాళ్లకు కనబడిన శత్రువును దూరం నుంచే కాల్చే నైపుణ్యం) ఉన్న స్నైపర్ బయల్దేరిన చోటికి దగ్గర్లో ఎత్తు మీద ఉంటాడు, అసలు కదలడు. షివ్ ఉంటే తప్పకుండా తీసుకుపోండి. మనిషి లేని చిన్న ట్యాంకులాంటి యంత్రం కాబట్టి జాంబీ కాదు, అందరికంటే వెనక నిలిపి దారికి అడ్డం పెట్టొచ్చు. క్రిసలిడ్ శవపరీక్ష అయిపోయి ఉంటే చిటిన్ ప్లేటింగ్ అనే కవచం చేయించి పరుగెత్తేవాడికి తొడిగించండి.

సిగ్నల్ పెట్టే టర్న్ ఇలా ఉండాలి. సపోర్ట్ చివరి అడుగు వేయకముందే మిగతావాళ్లందరి ముఖం ఇంటివైపు తిరిగి ఉండాలి. తుపాకులన్నీ లోడ్ అయి ఉండాలి. ఎవరి తుపాకీలోనైనా ఒక్క గుండే ఉంటే ఆ టర్న్ సిగ్నల్ పెట్టొద్దు, రీలోడ్ చేయండి. పెట్టిన మరుక్షణం నుంచి చంపడం మానేయండి. దారికి అడ్డంగా ఉన్నదాన్ని మాత్రమే కాల్చండి. వెనక తరుముతున్నదాన్ని కాల్చడానికి ఆగినవాడు ఇల్లు చేరడు. మన ప్రొద్దుటూరు తమ్ముడు పడవ మెట్ల దగ్గర నిలబడి చాలానే చంపాడు, అన్నీ గొప్ప షాట్లే. తిమింగలంలోంచి అంతకంటే ఎక్కువ వచ్చాయి.

సేవ్ గురించి చాలామంది అడిగారు. షాట్ తప్పితే లోడ్ చేసి మళ్లీ అదే షాట్ కొడితే మళ్లీ తప్పుతుంది. ఆట పాచికలను సేవ్‌లోనే దాచుకుంటుంది. ముందు ఇంకొకరితో కాల్పించి, వరస మార్చండి, ఫలితం మారుతుంది. ఐరన్‌మ్యాన్ (మొత్తం ఆటకు ఒక్క సేవ్ మాత్రమే ఉండే పద్ధతి) నేర్చుకునేటప్పుడు వద్దు. మన ఊళ్లలో ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే, ఉన్న ఒక్క సేవ్ రాసేటప్పుడే పోతే మొత్తం ఆటే పోతుంది.

సాధన: మిషన్ మొదలవగానే ఒక సేవ్ పెట్టండి, మధ్యలో ఇంకొకటి వద్దు. నోట్‌బుక్‌లో బయల్దేరిన చోటు నుంచి పడవ వరకు దారి గీయండి. తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కరికి ఎన్ని డ్యాష్‌లు పడతాయో ఆ దారి మీదే రాయండి. తర్వాత ఆడండి. ప్రతి టర్న్‌కు ముందు ఆఖరున ఎవరు కదలాలో, ఏ గడికి పోవాలో రాసి, అప్పుడే మౌస్ పట్టుకోండి. ఎవరైనా చనిపోతే మొదటి సేవ్‌కు వెళ్లి, రాసినదాంట్లో ఏ వరుస తప్పిందో దాని కింద గీత పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. ఆరుగురూ తిరిగొచ్చేవరకు ఆడాలి. నలుగురు వచ్చారు, ఐదుగురు వచ్చారు అని నాకు ఫోన్ చేయకండి.