పాత బోటు మోటారు – 4వ పాఠం: ఇంజన్ హెడ్ వేడి చూడటం

పోయిన పాఠంలో ప్లగ్గులు తీసి రంగు చూశాం. ఈసారి మోటారు నడుస్తుండగానే దాని హెడ్, అంటే సిలిండర్లను పైన మూసే లోహపు భాగం, ఎంత వేడిగా ఉందో చూడటం నేర్చుకుందాం.

కొత్తపట్నం ఒడ్డు ఇంకా కనిపిస్తుండగానే ఒకసారి నా మోటారు పట్టేసింది. వెనక చిన్న రంధ్రంలోంచి నీళ్ల ధార బాగానే వస్తోంది. నాతో ఉన్న పెద్దాయన కూడా “నీళ్లు పోస్తానే ఉండాది గదా అబ్బయా, ఇంకేం భయం” అన్నాడు. కాసేపటికి స్పీడు దానంతటదే తగ్గి ఇంజన్ ఆగింది. తాడు లాగితే కదల్లేదు. తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు చేరి, విప్పి చూస్తే పై సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే దారి ఉప్పుతో, ఇసుకతో పూడిపోయి ఉంది. ధార మాత్రం ఆ దారికి ముందే బయటికొచ్చేస్తోంది.

కాబట్టి ధార చూసి, పంపు నీళ్లు తోడుతోందని మాత్రమే అనుకోండి. ధార రాకపోతే వెంటనే ఇంజన్ ఆపి, నైలాన్ దారం ముక్కతో రంధ్రం పొడవండి. చాలాసార్లు ఇసుకే అడ్డుంటుంది. జాన్సన్, ఎవిన్‌రూడ్ కంపెనీల కొన్ని పాత మోటార్లకు ఈ రంధ్రమే ఉండదు. వాటికి వెనక పొగతోపాటు నీటి తుంపర వస్తోందా అని చూడాలి.

ఇక వేడి. కారు ఇంజన్ 90 డిగ్రీల దగ్గర హాయిగా నడుస్తుంది. మన మోటారు సముద్రపు నీటినే లోపల తిప్పుకుంటుంది. అంత వేడి పెరిగితే ఆ నీటిలోని ఉప్పు, సున్నం దారుల్లో గట్టిగా పేరుకుంటాయి. అందుకే దీన్ని తక్కువ వేడిలో నడిచేలా చేశారు. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్‌ల హెడ్ మీద మెకానిక్కులు రెండు రకాల మైనపు కడ్డీలతో గీత గీసి చూసేవారు. 52 డిగ్రీలకు కరిగేది కరగాలి, 73కి కరిగేది కరగకూడదు. నేను ఇప్పటికీ ఈ రెండు అంకెలనే గుర్తుపెట్టుకుంటాను. వేరే కంపెనీ మోటారైతే దాని పుస్తకంలో ఉన్న అంకెలే చూడండి.

ముందు ఇంటి దగ్గర 200 లీటర్ల డ్రమ్ములో మోటారు దించండి. నీళ్లు పంపు పైదాకా ఉండాలి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పవద్దు, పంపులో నీళ్లు తోసే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, పాడవుతుంది. న్యూట్రల్‌లో, ఆరుబయట నడపండి. డ్రమ్ములో నీళ్లు వేడెక్కితే కొలత తప్పుతుంది, అవి మార్చాలి. మోటారు పై మూత తీశాక ఫ్లైవీల్ (ఇంజన్‌తోపాటు తిరిగే బరువైన చక్రం) పక్కనే తిరుగుతుంటుంది. భుజాన తువ్వాలు వేసుకుని వంగొద్దు.

చేత్తో తాకి చూడటం మంచి అలవాటే కానీ, అది ఉజ్జాయింపు మాత్రమే. చుక్క నీళ్లు చల్లితే చుయ్‌మని ఆవిరైతే వెంటనే ఆపేయాలి. సరైన కొలతకు దూరం నుంచి వేడి చూపే థర్మామీటర్ తుపాకీ కొనుక్కోండి. మెరిసే అల్యూమినియం మీద పెడితే అది తక్కువ చూపిస్తుంది. ప్లగ్గు పక్కన నల్ల పెయింటు చుక్క పెట్టి, ఎప్పుడూ ఆ చుక్క మీదే కొలవండి. రెండు సిలిండర్లుంటే రెండు చుక్కలు.

డ్రమ్ములో ఇంజన్‌కు లోడు పడదు. అసలు పరీక్ష నీటి మీదే. అలల్లోకి వెళ్లకుండా బకింగ్‌హామ్ కాలువ లాంటి నిలకడ నీటిలో చేయండి. ఐదు నిమిషాలు స్పీడుగా, తర్వాత నెమ్మదిగా నడిపి రెండుసార్లూ కొలవండి.

నెమ్మదిగా ఉన్నప్పుడే వేడెక్కి, స్పీడులో చల్లబడితే ఇంపెల్లర్ అరిగి ఉండొచ్చు. స్పీడులోనే వేడెక్కితే దారి ఇరుకైంది, లేదా కింద నీళ్లు పీల్చే జల్లెడకు నాచో ప్లాస్టిక్ కవరో చుట్టుకుంది. ఒక సిలిండరే బాగా వేడైతే ఆ వైపు దారి పూడిందేమో, హెడ్ గాస్కెట్ (హెడ్ కింద అతుకును మూసే పలక) పోయిందేమో అనుమానించండి. ఎంతసేపు నడిపినా వేడెక్కకపోతే థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసే కవాటం, తెరుచుకుని ఉండిపోయి ఉంటుంది. ఇది తొందరేమీ లేని పని. మిగతావి మాత్రం సరిచేసుకోకుండా సముద్రంలోకి వెళ్లొద్దు.

వచ్చే పాఠంలో కింది గేరు కేసు విప్పి ఇంపెల్లర్ బయటికి తీద్దాం. ఆలోగా మూడు వేర్వేరు రోజులు కొలిచి, తేదీ, స్పీడు, రెండు చుక్కల డిగ్రీలు నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. విప్పేముందు అవి కావాలి.