మీ పంచాయతీకి ఢిల్లీ నుంచి వచ్చిన డబ్బు ఏమైందో తెలుసుకోవడం ఎలా?

మా అనంతపురం జిల్లాలో వికేంద్రీకరణ అనే మాట ఎత్తితే చాలు, టీ కొట్టు దగ్గర చర్చ నేరుగా శ్రీబాగ్ ఒప్పందానికి పోతుంది. 1937లో కోస్తా, రాయలసీమ పెద్దలు ఏం రాసుకున్నారు, 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని మూడేళ్లకే ఎట్లా పోయింది, హైకోర్టు ఎప్పుడిస్తారు... అడగాల్సిన ప్రశ్నలే, కాదనను. కానీ అదే మనుషులను "మీ పంచాయతీకి పోయినేడు కేంద్రం నుంచి ఎంత పడింది?" అని అడిగి చూడండి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. అధికారం కిందికి దిగిందో లేదో ఊరి పద్దులోనే తెలుస్తుంది. ఆ పద్దు చూడటానికి స్మార్ట్‌ఫోను, కొంచెం ఓపిక చాలు.

ముందు ఒక్క విషయం తెలిసి ఉండాలి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. తాగునీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, బడులు లాంటి 29 అంశాలను పంచాయతీలకు అప్పగించే వీలు దానితో వచ్చింది. అయితే అప్పగించి తీరాలని లేదు. ఎంత ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి అన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టం. మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగానే, 1959లో, రాజస్థాన్ తర్వాత పంచాయతీరాజ్ మొదలుపెట్టిన రాష్ట్రం మనది. అంత ముందు మొదలుపెట్టినా ఇప్పటికీ చాలా పంచాయతీలు పైనుంచి ఏం పడుతుందా అని ఎదురుచూస్తూనే ఉన్నాయి.

పంచాయతీకి డబ్బు మూడు దారుల్లో వస్తుంది. ఇంటి పన్ను, కొళాయి పన్ను సొంతవి. రిజిస్ట్రేషన్ల మీద సర్‌ఛార్జి, గనుల సీనరేజి (తవ్వి తీసిన ఖనిజం మీద కట్టే రుసుము) వాటా రాష్ట్రం నుంచి రావాలి. మూడోది కేంద్ర ఆర్థిక సంఘం (కేంద్రం డబ్బు ఎవరికెంత ఇవ్వాలో సిఫారసు చేసే సంఘం) గ్రాంటు. మొదలు ఈ మూడోదాన్నే పట్టుకోండి. ఎందుకంటే దాని లెక్క ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

మొదటి అడుగు: ఈ-గ్రామ్‌స్వరాజ్

పంచాయతీల జమాఖర్చులు కనిపించే ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌ను కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్‌లో తెచ్చింది. ఫోన్లో అయితే మేరీ పంచాయత్ యాప్ ఉంది. ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ వరసగా ఎంచుకుంటూ పోవాలి. హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ వైపు వాళ్లు అనంతపురం కింద వెతికి "మా ఊరు లేదు" అని వదిలేస్తుంటారు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ ఊళ్లన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగుతో కుస్తీ పట్టొద్దు. మండలం కింద వచ్చే జాబితా పైనుంచి కిందికి చదివితే దొరుకుతుంది.

రెండో అడుగు: వచ్చిన డబ్బును విడదీయడం

15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతానికి షరతు ఉంది. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. లెక్క కోసం, మీ పంచాయతీకి 10 లక్షలు వచ్చాయనుకోండి: నీళ్లకు 3, పారిశుద్ధ్యానికి 3, ఊరి ఇష్టానికి 4. నీళ్ల పద్దులో సిమెంటు రోడ్డు బిల్లు కనిపిస్తే అడగాల్సిన మాట అక్కడే దొరికినట్టు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి, ఆ తర్వాతి సంవత్సరాలకు కొత్త షరతులు చూసుకోవాలి.

డబ్బే పడలేదా? అప్పుడు ఊళ్లో ఎవరినీ తిట్టకండి. కేంద్రం ఇచ్చిన మొత్తాన్ని రాష్ట్రం పది పనిదినాల్లో పంచాయతీలకు వేయాలి, ఆలస్యమైతే వడ్డీతో వేయాలి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం గ్రాంటు ఆపేస్తుంది. మన రాష్ట్రంలో 2018లో గడువు ముగిస్తే ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. ఆ మధ్యకాలం లెక్క తెరిచి చూడండి, అర్థమవుతుంది. 2021 చివర్లో ఇంకో గొడవ. ఖాతాలో ఉన్న ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద రాష్ట్రం లాగేసిందని సర్పంచులు రోడ్డెక్కారు. ఇంట్లో పెత్తనం నీదేనని చెప్పి బీరువా తాళాలు తన దగ్గరే పెట్టుకునే అత్తగారి తీరు ఇది.

మూడో అడుగు: వోచర్ పట్టుకుని వీధిలోకి

అసలు పని ఇక్కడే ఉంది, దీనికి ఒక ఆదివారం కేటాయించండి. చెల్లింపుల జాబితాలో ఒక్కో వోచర్‌కు తేదీ, మొత్తం, పని పేరు ఉంటాయి. మా వైపు ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి బోరు మోటారు రీవైండింగ్, స్టార్టరు, కేబులు, పైపులైను లీకేజీ, బ్లీచింగ్ పౌడరు. ఎండాకాలంలో మోటారు కాలడం మాకు కొత్తేమీ కాదు. కానీ ఒకే బోరుకు కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు రీవైండింగ్ బిల్లు ఉంటే, నీళ్లు వదిలే మనిషిని అడగండి. ఏ బోరు ఎప్పుడు ఆగింది, మోటారు ఎవరు దించారు, ఎక్కడికి తీసుకుపోయారు, అన్నీ ఆయనకు నోటికి ఉంటాయి. కాలువ కట్టారని బిల్లుంటే కొలత టేపు తీసుకుని పోండి. ఎం-బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) రాసిన పొడవు, మీరు కొలిచిన పొడవు ఒకటేనా చూడండి. ఎం-బుక్ ఇంజినీరింగ్ విభాగం దగ్గర ఉంటుంది. బిల్లు పాసవ్వాలంటే పంచాయతీ కార్యదర్శి, సర్పంచి ఇద్దరి డిజిటల్ సంతకాలూ పడాలి కాబట్టి, నాకు తెలియదనే మాట ఇద్దరిలో ఎవరూ అనలేరు.

తేడా కనిపించగానే వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. అది పార్టీల తగాదా అయిపోతుంది, మీ కాలువ సంగతి అందరూ మర్చిపోతారు. ముందు కార్యదర్శి దగ్గర కూర్చుని అడగండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

నాలుగో అడుగు: గ్రామసభ

చట్టప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు పెట్టారు, పేపర్లలో వచ్చింది. చాటింపు ఎప్పుడు వేస్తారో కనుక్కుని పెట్టుకోండి. సభలో "అవినీతి జరిగింది" అని మొదలుపెడితే పని చెడుతుంది. "ఫలానా తేదీ వోచర్, ఇంత మొత్తం, ఈ పని ఎక్కడ చేశారు?" అని అడగండి, జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించండి. పుస్తకం రాశాకే సంతకం పెట్టండి. ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, "మిగతాది మేం రాసుకుంటాంలే" అనడం చాలాచోట్ల మామూలే.

జవాబు రాకపోతే

సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. "మొత్తం వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏదో ఒక కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు. వోచర్ తేదీ, మొత్తం రాసి, దాని బిల్లు నకలు, ఎం-బుక్ పేజీ నకలు కావాలని రాయండి. 30 రోజులు గడువు. అది దాటితే మొదటి అప్పీలు. దానికీ మీకు 30 రోజులే ఉంటాయి, కాబట్టి దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు మీద తేదీ వేయించుకోండి. ఇంకా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోయి, జిల్లా పంచాయతీ అధికారి పేరిట అర్జీ ఇవ్వండి. వోచర్ నకలు, తీర్మానం నకలు దానికి జతచేసి, అర్జీ నంబరు తీసుకున్నాకే కౌంటరు వదలండి.