ట్రాలీ లాగడానికి ట్రాక్టరు కొంటున్నారా? లాగడం కంటే ముందు ఆపడం చూడండి

షోరూములో అందరూ మొదట అడిగేది హెచ్‌పీ, అంటే ఇంజను బలం, ఎంత అనే. 45 హెచ్‌పీ బండి వడ్ల ట్రాలీని వరంగల్‌ ఎనుమాముల మార్కెట్‌ దాకా లాగుతుందా అంటే, లాగుతుంది. చెరువు కట్ట దిగేటప్పుడు దాన్ని నిలపగలదా అన్నదే తేలాలి.

ముందు బరువు లెక్కగట్టండి. ఖాళీ ట్రాలీని ధర్మకాంటాపై తూకం వేయించండి. అది 1.5 టన్నులు ఉందనుకుందాం. 40 కిలోల వడ్ల బస్తాలు వంద వేస్తే 4 టన్నులు. వెనక మొత్తం 5.5 టన్నులు. ఈ స్థాయి ట్రాక్టరు సొంత బరువు సుమారు 2 టన్నులే. ఇరవై మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న దారిలో దిగుతుంటే ట్రాలీ ట్రాక్టరును దాదాపు 275 కిలోల బలంతో ముందుకు నెడుతుంది. బ్రేకు వేస్తే నెట్టుడు ఇంకా పెరుగుతుంది. అందుకే హెచ్‌పీ సమానంగా ఉన్న రెండు బండ్లలో బరువైనదే రోడ్డు పనికి మేలు. ఎంత బరువు లాగవచ్చో కంపెనీ పుస్తకంలో చూడండి, సేల్స్‌మన్ నోటి మాట నమ్మి డబ్బు కట్టకండి. పత్తి లోడు తేలికే కానీ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఒరిగే భయం ఎక్కువ.

తర్వాత బ్రేకులు. బురద, నీళ్లు లోపలికి చేరని ఆయిల్ బ్రేకులున్న బండినే ఎంచుకోండి. పొలంలో విడివిడిగా తొక్కే రెండు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలిపి గొళ్లెం వేయాలి, లేదంటే ఒక పక్క చక్రమే ఆగి బండి అడ్డం తిరుగుతుంది. మన దగ్గర చాలా ట్రాలీలకు సొంత బ్రేకులే ఉండవు. ట్రాలీకి బ్రేకులు పెట్టించండి, వాటిని పనిచేయించే ఏర్పాటు ట్రాక్టరుకు ఉందో లేదో కొనేముందే అడగండి.

ట్రాలీని తగిలించే చోటు వెనక ఇరుసు కంటే కిందే ఉండాలి. పైన తగిలిస్తే ఎక్కుడు దారిలో ముందు చక్రాలు లేస్తాయి, స్టీరింగ్ పనిచేయదు. ట్రాక్టరు ముందు భాగానికి అదనపు బరువులు బిగించే వీలుందో లేదో కూడా చూడండి. రెండు చక్రాల ట్రాలీలో బస్తాలన్నీ వెనక్కి నెట్టి వేస్తే కొక్కెం పైకి గుంజుతుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. బరువు కాస్త ముందుకే ఉండాలి.

చివరగా, నిండు ట్రాలీతో నడిపి చూడనిదే బేరం ఖాయం చేయకండి. ఎక్కిన గేరులోనే దిగండి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారికి ఏ ట్రాక్టరూ సరిపోదు.

ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది, బీమా కాగితాల్లో అది కూడా ఉందో లేదో చూసుకోండి. వెనక ఎర్రటి రిఫ్లెక్టర్ పట్టీలు అంటించాకే రోడ్డెక్కించండి.