సీఎన్‌సీ లేత్‌పై పార్టింగ్, గ్రూవింగ్: 20 మి.మీ. పిన్ను ఉదాహరణగా

మామూలు టర్నింగ్ టూల్‌కు ఒక పక్క ఎప్పుడూ ఖాళీ ఉంటుంది. పీస్‌ను రాడ్ నుంచి కోసి వేరు చేసే పార్టింగ్ టూల్‌కు ఆ వెసులుబాటు లేదు. అది తాను కోసుకున్న సన్నని సందులోనే రెండు గోడల మధ్య నడుస్తుంది కాబట్టి, చిప్ (కోతలో వచ్చే లోహపు పొట్టు) బయటికి రావాలన్నా, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) లోపలికి వెళ్ళాలన్నా ఆ సందు ఒక్కటే దారి. ఇన్సర్ట్ (టూల్ కొనకు బిగించే కోత ముక్క) విరిగినప్పుడు దాని గ్రేడును (పదార్థపు రకాన్ని) అనుమానించే ముందు సెట్టింగ్‌ను చూడాలి.

22 మి.మీ. ఈఎన్8 (ఒక రకం కార్బన్ ఉక్కు) రాడ్ నుంచి 20 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. పొడవు గల పిన్ను తయారు చేసి, దానికి సర్క్‌లిప్ (షాఫ్ట్‌పై బిగించే స్ప్రింగు రింగు) కూర్చునే గాడి తీసి (ఇదే గ్రూవింగ్), 3 మి.మీ. ఇన్సర్ట్‌తో కోసి వేరు చేయాలనుకుందాం. యంత్రాన్ని నడిపే కంట్రోలర్ ఫానుక్ కంపెనీది అనుకుందాం. టూల్ చేరవలసిన లోతు 10 మి.మీ. మాత్రమే కాబట్టి ఇన్సర్ట్‌ను పట్టుకునే బ్లేడ్ 14 మి.మీ. బయటికి ఉంటే చాలు. ఏమవుతుందిలే అని 30 మి.మీ. వదిలితే చాటరింగ్ (టూల్ అదరడం) అక్కడే మొదలవుతుంది. కోత కూడా రాడ్‌ను పట్టుకునే చక్‌కు వీలైనంత దగ్గరగా పడాలి. బ్లేడ్ పక్కకు డయల్ ఇండికేటర్ ఆనించి, ఎక్స్ అక్షంలో (రాడ్‌కు అడ్డంగా) టూల్‌ను జాగ్ చేస్తే, అంటే చేత్తో మెల్లగా జరిపితే, ముల్లు కదలకూడదు. కదిలిందంటే బ్లేడ్ ఏటవాలుగా ఉన్నట్టు, తెగిన ముఖం చదునుగా రాదు. సెంటర్ హైట్‌లో, అంటే రాడ్ మధ్య ఎత్తుకు, టూల్ అంచు ఎత్తుకు మధ్య, తేడా 0.1 మి.మీ. దాటకూడదు. టూల్ కిందికి ఉంటే మధ్యలో బొడిపె మిగులుతుంది, పైకి ఉంటే అంచు కింది భాగం లోహాన్ని రాసుకుంటుంది.

ఆ తర్వాత వేగం సంగతి. జి96 ఎస్100 (కోత వేగాన్ని నిమిషానికి 100 మీటర్ల దగ్గర నిలిపే ఆదేశం) ఇస్తే 20 మి.మీ. వ్యాసం దగ్గర స్పిండిల్ దాదాపు 1592 ఆర్‌పీఎంతో తిరుగుతుంది; 5 మి.మీ. దగ్గర అదే లెక్క 6366 అడుగుతుంది. అందుకే ముందుగా జి50 ఎస్2000 అని, 2000 ఆర్‌పీఎం దాటకుండా హద్దు పెట్టాలి. ఆ హద్దు వల్ల సుమారు 16 మి.మీ. వ్యాసం నుంచి లోపలికి కోత వేగం తగ్గుతూ పోయి, సరిగ్గా మధ్యలో సున్నా అవుతుంది. అక్కడ టూల్ కోయదు, నెట్టుతుంది. కాబట్టి ఎక్స్4.0 (4 మి.మీ. వ్యాసం) వరకు ఫీడ్ చుట్టుకు 0.1 మి.మీ. ఇచ్చి, అక్కడి నుంచి 0.03కు తగ్గించడం మంచిది.

కోత పూర్తి చేయకముందే వెనుక అంచుకు చాంఫర్ తీయడం (పదునైన అంచును ఏటవాలుగా చెక్కడం) నాకు అలవాటు: కొంత లోతు వరకు దిగి, బయటికి వచ్చి, టూల్ కుడి మూలతో చాంఫర్ తీసి, మళ్ళీ అదే గాడిలోకి దిగుతాను. ఇక్కడే టూల్ వెడల్పు గుర్తుండాలి. జెడ్ అంటే రాడ్ పొడవు దిశ; పీస్ ముందు ముఖం దగ్గర అది సున్నా. జెడ్ ఆఫ్‌సెట్‌ను (టూల్ స్థానపు కొలతను) ఎడమ మూలతో సెట్ చేస్తే పార్టింగ్ జెడ్-50 దగ్గర కాదు, జెడ్-53 దగ్గర పడాలి. కొత్తలో నేను ఈ 3 మి.మీ. మరిచిపోయి, మొదటి పీస్ కొలవకుండానే డజను పిన్నులు 47 మి.మీ. పొడవుతో ట్రేలో పోశాను.

చిప్‌ను చూస్తే కోత ఎలా సాగుతోందో తెలుస్తుంది. అది గాడి కన్నా సన్నగా మడిచుకుని, గడియారం స్ప్రింగులా గుండ్రంగా చుట్టుకుని బయటపడాలి. పొడవాటి రిబ్బన్లుగా వస్తే ఫీడ్ కాస్త పెంచి చూడాలి. భయపడి తగ్గిస్తే చిప్ విరగదు. కూలెంట్ ధార నేరుగా కోత అంచు మీదే, ఆగకుండా పడాలి. పీస్ వైపు మూల ముందుకు ఉండే ఏటవాలు ఇన్సర్ట్ వాడితే బొడిపె రాడ్‌కే ఉండిపోతుంది గానీ, బ్లేడ్ పక్కకు వంగే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి పెద్ద వ్యాసాలకు నేను దాన్ని వాడను.

పార్టింగ్ కన్నా ముందే తీయవలసిన సర్క్‌లిప్ గాడి విషయానికి వస్తే, 20 మి.మీ. షాఫ్ట్‌కు డిన్ 471 (జర్మన్ ప్రమాణం) ప్రకారం గాడి వెడల్పు 1.3 మి.మీ., అడుగు వ్యాసం 19 మి.మీ. సరిగ్గా 1.3 వెడల్పున్న ఇన్సర్ట్ దొరుకుతుంది కాబట్టి ఒకే దిగుడుతో పని అయిపోతుంది. అడుగున జి04తో (టూల్‌ను కాసేపు ఆపే ఆదేశం) ఒకటి రెండు చుట్ల సేపు ఆపితే చాలు. 1500 ఆర్‌పీఎం దగ్గర ఒక చుట్టుకు 0.04 సెకన్లే పడుతుంది. అంతకు మించి ఆపితే అంచు రాసుకుని అరిగిపోతుంది.

8 మి.మీ. వంటి వెడల్పు గాడిని 3 మి.మీ. ఇన్సర్ట్‌తో తీసేటప్పుడు పక్కపక్కనే జరుపుతూ పోకూడదు. ముందు రెండు చివర్లలో దిగి, మధ్యలో మిగిలిన 2 మి.మీ. గోడను చివర తీస్తే ఇన్సర్ట్‌పై రెండు వైపులా భారం సమానంగా పడుతుంది. జి75 సైకిల్ (గాడిని అంచెలంచెలుగా తీసే ఆదేశం) వాడేవారు పీ విలువ మైక్రాన్లలో, వ్యాసార్ధం లెక్కలో ఉంటుందని గమనించాలి: పీ1500 అంటే ఒక్కో పెక్‌కు (అంచెకు) 1.5 మి.మీ. లోతు. సన్నని సర్క్‌లిప్ గాడి అడుగు వ్యాసాన్ని మామూలు మైక్రోమీటర్ అందుకోలేదు కనుక సన్నని కొనలుండే బ్లేడ్ మైక్రోమీటర్‌తో కొలవాలి.