బ్లాగు మొదలుపెడుతున్నారా? ‘తగినంత ఉప్పు’ అని మాత్రం రాయకండి

సొంత బ్లాగు తెరవడం పది నిమిషాల పని. దాన్ని మూడో నెల దాటించడమే కష్టం. నేను 2009లో మొదలుపెట్టాను, మధ్యలో ఏడాదిన్నర ఒక్క ముక్క రాయలేదు, ఒకసారైతే మొత్తం తీసిపారేద్దామని సెట్టింగుల దాకా వెళ్లి వచ్చాను. ఈమధ్య ఆఫీసులో ఇద్దరు, తర్వాత మా అక్క కూతురు, ‘ఎలా మొదలుపెట్టాలి’ అని వరసగా అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా.

ఎక్కడ పెట్టాలి అని వారం రోజులు తలబద్దలు కొట్టుకోకండి. బ్లాగర్ ఉచితం, జీమెయిల్ ఖాతా ఉంటే చాలు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో కూడా ఉచితంగా పెట్టుకోవచ్చు, కాకపోతే వాళ్ల ప్రకటనలు కనిపిస్తాయి. సొంత పేరుతో డొమైన్ (వెబ్ చిరునామా) కొనుక్కోవడం బాగానే ఉంటుంది గానీ ఏటా డబ్బు కట్టాలి, ఒక ఏడాది మర్చిపోతే ఆ పేరు వేరేవాళ్లు ఎత్తుకుపోవచ్చు. ముందు ఇరవై టపాలు (పోస్టులు) రాయండి, కొనడం సంగతి ఆ తర్వాత చూద్దాం.

టైపింగ్ గురించి ఇప్పుడు పెద్దగా చెప్పక్కర్లేదు, ఫోన్లో జీబోర్డు ఉంటే ఇంగ్లీషు అక్షరాలు కొట్టినా తెలుగు వస్తుంది, నోటితో చెప్పినా వస్తుంది (ఒత్తులు మాత్రం ఒకసారి చూసుకోండి). ఒక్క జాగ్రత్త. పాత డీటీపీ ఫైళ్లు ఉన్నవాళ్లు వాటిని అలాగే కాపీ చేసి అతికించకండి. మా బాబాయి ఎప్పుడో గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో కంపోజ్ చేయించుకున్న వ్యాసాలు సీడీలో ఇచ్చి ‘నీ బ్లాగులో వెయ్యరా’ అన్నాడు. వేస్తే అంతా కోడిగీతలు. అవి అనూ ఫాంట్లలో కొట్టినవి, ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో అన్నిచోట్లా కనిపించే యూనికోడ్ తెలుగు కాదు. మార్చి పెట్టే కన్వర్టర్లు ఉన్నాయి గానీ తప్పులు దొర్లుతాయి, చివరికి నేను రెండు వ్యాసాలు మొదటి నుంచి కొట్టుకున్నాను, మూడోది బాబాయి మర్చిపోయాడు, నేను గుర్తు చెయ్యలేదు.

ఇక ఏం రాయాలి. అసలు పేచీ ఇక్కడే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు సమాజం, జీవితం, మానవ సంబంధాలు అని మొదలుపెడతారు. నేనూ అంతే. నెలరోజులు కిందామీదా పడి రాసిన అలాంటి వ్యాసాల్ని మా ఆవిడ చదివింది, అదీ నేను పక్కన కూర్చుంటే. అదే, గుంటూరులో మా పిన్ని పెట్టే పండుమిరపకాయ పచ్చడి గురించి ఒక రాత్రి అరగంటలో రాసి పడేసిన టపాని ఇప్పటికీ ఎవరో ఒకరు చదువుతూనే ఉన్నారు. ఏటా జనవరి, ఫిబ్రవరుల్లో పండుమిరప బజార్లోకి రాగానే దానికి జనం వస్తారు.

అయితే ఆ టపాలో నేను ‘తగినంత ఉప్పు, సరిపడా చింతపండు’ అని రాశాను. రెండేళ్ల తర్వాత ఎవరో డల్లాస్ నుంచి వ్యాఖ్య పెట్టారు: ‘మీరు చెప్పినట్టే తగినంత వేశామండీ, పదో రోజుకి బూజు పట్టింది, తగినంత అంటే ఎంత?’ సిగ్గేసింది. పిన్నికి ఫోన్ చేస్తే ‘చేతికి తెలుస్తుందిరా, దానికి లెక్కేంటి’ అంది. మరుసటి ఏడాది కాటా పట్టుకుని గుంటూరు బ్రాడీపేటలో పిన్ని ఇంటికి వెళ్లాను. ముందు ఉప్పు జాడీ తూచాను, ఆవిడ తన అలవాటు ప్రకారం గుప్పెళ్లతో తీసి వేసుకున్నాక మళ్లీ తూచాను, తేడా కాగితం మీద రాసుకున్నాను. కిలో కాయలకి 230 గ్రాముల కల్లుప్పు, 250 గ్రాముల చింతపండు. ఆవిడ ఏనాడూ నోటితో చెప్పని ఇంకో సంగతి కళ్లారా చూశాను: కాయల్ని తొడిమలతోనే కడిగి, ఒక్కోటీ గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, ఆ తర్వాతే తొడిమ తీస్తుంది. ముందే తీస్తే కడిగిన నీళ్లు కాయ లోపలికి పోతాయి, బూజుకి అంతకంటే ఏం కావాలి. టపా సరిదిద్దాను. డల్లాస్ ఆవిడ ఆ ఏడాది జాడీ ఫోటో పంపింది. ఇన్నేళ్లలో నాకు దక్కిన సన్మానం అదే అనుకోండి.

అందుకని మీకు దగ్గరగా తెలిసిన చిన్న సంగతి పట్టుకోండి, దాన్ని తూకంతో, తేదీతో, చోటు పేరుతో రాయండి. పుస్తక ప్రదర్శనకి వెళ్లొచ్చారా, ‘బాగుంది’ అని వదిలెయ్యకుండా ఏ గేటు నుంచి లోపలికి వెళ్లారో, టీ ఎక్కడ తాగారో కూడా రాయండి. బెజవాడ స్వరాజ్య మైదానంలో ప్రదర్శన జరిగిన రోజుల్లో నేను ఏటా ఒక టపా వేసేవాణ్ణి, అప్పట్లో నాకే చప్పగా అనిపించేవి. 2024 జనవరి నుంచి అక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. ఆ మైదానం అప్పట్లో ఎలా ఉండేదో మా పిల్లలకి చెప్పాలంటే ఇప్పుడు నా చప్పటి టపాలే గతి.

శీర్షిక కవితాత్మకంగా పెట్టాలని తపించకండి. ‘ఎర్రని జ్ఞాపకం’ అంటే ఎవరూ వెతకరు, ‘పండుమిరపకాయ పచ్చడి కొలతలు’ అంటే వెతుకుతారు. బ్లాగర్‌లో ఇంకో తిరకాసు ఉంది. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే అది టపా చిరునామాని దానంతట అది తయారుచేసుకుంటుంది, ప్రతిదానికీ ‘బ్లాగ్ పోస్ట్’ అనే మాట, దాని వెనక ఒక అంకె. బ్రాడీపేటలో నాలుగు బై పద్నాలుగు అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఆటోవాడికి కూడా అర్థమవుతుంది, కానీ ఈ చిరునామా ఎవరికీ ఏమీ చెప్పదు. ప్రచురించే ముందే పక్కన పెర్మాలింక్ అన్న చోట ఇంగ్లీషు అక్షరాల్లో మీరే పేరు ఇవ్వండి. నేను మొదటి 60 టపాలకి ఇది తెలియకుండానే లాగించాను.

ఎంతమంది చదివారో చూపే లెక్కల పేజీ రోజూ తెరవకండి. మొదట్లో ఒకరోజు 140 మంది వచ్చారని చూపిస్తే పూతరేకులు కొనుక్కుని ఇంటికెళ్లాను. తర్వాత చూస్తే వాళ్లు మనుషులే కాదు, ఏదో దేశం నుంచి తిరుగుతున్న యంత్రాలు. ఆ రోజుల్లో కూడలి లాంటి సంకలినులు ఉండేవి, ఎవరు కొత్త టపా వేసినా అక్కడ కనిపించేది, సాయంత్రానికి పది వ్యాఖ్యలు, అందులో రెండు పోట్లాటలు. తర్వాత జనం ఫేస్‌బుక్‌కి వెళ్లిపోయారు. ఇప్పుడు నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు, దానికి సిద్ధపడండి. రోజూ రాస్తానని ఒట్లు పెట్టుకోకుండా వారానికో రోజు పెట్టుకోండి, నాది ఆదివారం పొద్దున, టిఫినుకీ స్నానానికీ మధ్య.

ఒళ్లు మండే సంగతి ఒకటుంది, కాపీ. నా పచ్చడి టపా మా బంధువుల వాట్సాప్ గ్రూపులోనే నా పేరు లేకుండా తిరిగి నాకే వచ్చింది, పైన ‘అమ్మమ్మల కాలం నాటి రహస్యం’ అని ఒక తోక. మొదట్లో ప్రతిదానికీ పోట్లాడేవాణ్ణి, బీపీ పెరగడం తప్ప ఒరిగిందేమీ లేదు. ఫోటోల మీద చిన్నగా పేరు వేసుకుని ఊరుకుంటున్నా. డబ్బంటారా, బ్లాగులో ప్రకటనలు వేసే గూగుల్ యాడ్‌సెన్స్‌లో వంద డాలర్లు పోగైతే గానీ చేతికివ్వరు, నాకు ఇంకా పోగవుతూనే ఉంది.

దాచుకోవడం మాత్రం అశ్రద్ధ చెయ్యకండి. జియోసిటీస్ అని ఒకప్పటి ఉచిత వెబ్‌సైట్ల చోటులో లక్షల మంది పేజీలు పెట్టుకున్నారు, 2009లో మూసేశారు. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాల్ని తీసేస్తామని గూగుల్ కూడా 2023లో చెప్పింది. బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్ అన్నది నొక్కితే టపాలు, వ్యాఖ్యలు ఒక ఫైలుగా దిగుతాయి. ఫోటోలు అందులో రావు, అవి విడిగా దాచుకోవాలి. నేను ఇది తెలుసుకునేలోపే పాత ఫోన్ పాడైంది, స్వరాజ్య మైదానం ఫోటోలు ఇప్పుడు బ్లాగులో ఉన్న చిన్న సైజువే మిగిలాయి. పిన్ని కాటా ముందు కూర్చున్న ఫోటోని మాత్రం రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాను, ఒకటి మా అక్క దగ్గరుంది.