పాత బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో బేస్ పోయిందా? ముందు జాలీ తీసి చూడండి

సమస్య: పదేళ్లు దాటిన చవక జత. ట్రెబుల్ బాగానే పలుకుతుంది, బేస్ మాత్రం పల్చబడింది. సౌండు పెంచితే ఒక పక్క గరగర. వెంటనే కొత్త ఆంప్లిఫయర్‌కో సబ్‌వూఫర్‌కో డబ్బు పెట్టేస్తారు. తొందరపడకండి.

ముందు స్పీకర్ల వెనక ఎడమ, కుడి వైర్లు తారుమారు చేయండి. గరగర అదే డబ్బాలో ఉండిపోతే తప్పు డబ్బాది. రెండో దానికి మారితే వైరుదో ఆంప్లిఫయర్‌దో. ఇంత చిన్న పని ఎవరూ చెయ్యరు! గరగర లేకుండా బేస్ ఒక్కటే పోతే ఎరుపు, నలుపు ఒక పక్క తిరగబడ్డాయేమో చూడండి. రాగి నల్లబడితే ఒక సెంటీమీటరు కత్తిరించి మళ్లీ ఒలవండి.

అవన్నీ సరిగ్గా ఉంటే అసలు దొంగ ఫోమ్ అంచు, అంటే బేస్ పలికే వూఫర్‌లోని గరాటు లాంటి కోన్‌ని చట్రానికి పట్టి ఉంచే మెత్తటి రింగు. వేసవిలో 45 డిగ్రీల దాకా కాగే విజయవాడలో, ఆ వెనకే వచ్చే ఉక్కపోతలో, ఈ పాలియురెథేన్ ఫోమ్ వాడినా వాడకపోయినా తేమకి పాడైపోతుంది. ఎదురుగా చూస్తే నిక్షేపంగానే కనిపించొచ్చు. చీలిక తరచు చట్రానికి అతికించిన మూలలో ఉంటుంది, కోన్ కదిలినప్పుడే తెరుచుకుంటుంది. అందుకే జాలీ తీసి, కోన్‌ని రెండు వైపులా వేళ్లతో సమానంగా కాస్త లోపలికి నొక్కుతూ టార్చి వేసి చుట్టూ చూడండి. వేలికి జిగురు అంటుకున్నా, పొడి రాలినా దాని పని అయిపోయినట్టే. ఇంకా మోగిస్తే కోన్ పక్కకి ఒరిగి దాని వెనకున్న తీగచుట్ట (కాయిల్) అయస్కాంతానికి రాసుకుంటుంది, అప్పుడు వూఫరే పోతుంది. అంచు రబ్బరుదైతే ఈ గొడవ దాదాపు ఉండదు.

కొత్త రింగులు విజయవాడ గవర్నర్‌పేట షాపుల్లో అడగండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించండి. "అయిదంగుళాలది" అంటే కుదరదు. కోన్ బయటి వ్యాసం, చట్రం లోపలి, బయటి వ్యాసాలు మిల్లీమీటర్లలో కొలిచి చెప్పాలి. రెండు పక్కలా మార్చండి, రెండోదీ అదే వయసుది. వూఫర్‌ని బోర్లించి పట్టుకుని పాత ఫోమ్ గీకితే పొడి కాయిల్ సందులోకి పోదు. కాగితం కోన్ అయితే తెల్ల ఫెవికాల్ చాలు, ప్లాస్టిక్ కోన్‌కి సాగే రబ్బరు జిగురు కావాలి. ఫెవిక్విక్ మాత్రం వద్దు, గట్టిపడి పగిలిపోతుంది. మొదట కోన్‌కి అతికించి ఆరనివ్వండి, ఆ తర్వాతే చట్రానికి. చట్రానికి అతికించేటప్పుడు కోన్‌ని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ చెవి పెట్టండి. రాపిడి వినిపిస్తే తడి ఆరకముందే రింగు జరపాలి. ఆపైన ఒక రోజు ముట్టుకోవద్దు.

ట్రెబుల్ పలికే ట్వీటర్ మందగిస్తే, శబ్దాన్ని ట్వీటర్‌కీ వూఫర్‌కీ పంచే క్రాస్‌ఓవర్‌ సర్క్యూట్‌లోని నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ ఎండిపోయి ఉండొచ్చు. అదే మైక్రోఫారాడ్ విలువది, వోల్టేజీ తగ్గనిది వేయండి. వూఫర్ కాయిల్ బాగుందో లేదో తెలియాలంటే దాని వైర్లు విప్పి మల్టీమీటర్‌తో నిరోధం కొలవండి. 8 ఓమ్‌లది సుమారు 6 చూపాలి. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది, దాన్ని బాగు చేయించడం దండగ.